రైడ్లు ఎక్కని వాళ్ళను చూసి గది తీసుకోండి: పదహారు మందితో వండర్‌లాకు పోయేటప్పుడు బస ఎలా ఎంచుకోవాలి

ఎండాకాలం సెలవులు ఇచ్చారంటే మా ఇంట్లో పిల్లలు అడిగేది బెంగళూరు దగ్గరి వండర్‌లా రైడ్ల పార్కు ఒక్కటే. అనంతపురం నుంచి బెంగళూరు 210 కిలోమీటర్ల పైచిలుకు, ఊరు దాటి మైసూరు రోడ్డులో ఆ పార్కు ఉన్న బిడది ఇంకో 30. వయసులో ఉన్నవాళ్ళు నలుగురైతే తెల్లవారుజామున కారెక్కి రాత్రికి ఇల్లు చేరుకోవచ్చు. 80 దాటిన అవ్వ, మోకాళ్ళ నొప్పుల అమ్మ, షుగరున్న నాయన, రెండేళ్ళ బిడ్డ, మధ్యలో మేమందరం, మొత్తం పదహారు మందిమి. మాలాంటి కుటుంబానికి కనీసం ఒక రాత్రి, కుదిరితే రెండు రాత్రులు బస తప్పదు.

మొదటిసారి మేం పిల్లలను చూసి బస ఎంచుకున్నాం. ఈత కొలను ఉందా, ఆడుకునే స్థలం ఉందా అని చూశాం. పదహారు మంది పడతారని చెప్పిన ఒక పెద్ద విల్లా మాట్లాడుకున్నాం. నాలుగు పడక గదులు, ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంది. రాత్రి తొమ్మిదింటికి చేరాక తెలిసింది, ఆ నాలుగు గదుల్లో మూడు మేడ మీద ఉన్నాయి. కింద ఉన్న ఒక్క గదిలో బాత్రూం లేదు. మా అవ్వ మూడు మెట్లెక్కి, కమ్మీ గట్టిగా పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, "నేను ఈ హాల్లోనే పండుకుంటా లేప్పా, మీరు పైకి పోండి" అంది. ఆ రాత్రి ఆమె సోఫా మీద ముడుచుకుని పడుకుంటే, మా చెల్లెలు పక్కన కింద దుప్పటి పరుచుకుంది. విల్లా వాళ్ళు అబద్ధమేమీ చెప్పలేదు, పదహారు మందికి పడకలు ఉన్నాయి. అడగాల్సింది మేమే అడగలేదు.

రెండోసారి పద్ధతి మార్చుకున్నాం. ఆ పద్ధతినే ఇక్కడ వరుసగా రాస్తున్నా.

ముందు ఒక కాగితం తీసుకోండి

ఫోన్లో హోటళ్ళు వెతకడానికి ముందే, వచ్చే అందరి పేర్లూ ఒక కాగితం మీద రాయండి. ప్రతి పేరు పక్కన నాలుగు సంగతులు: మెట్లెక్కగలరా, రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తారు, ఎన్ని గంటలకు తినాలి, మధ్యాహ్నం పడుకోవాలా. పేరు పేరునా అడిగి రాయండి, ఊహించి రాయొద్దు. మా నాయన రాత్రి మూడుసార్లు లేస్తాడని మాకెవరికీ తెలియదు, అమ్మకొక్కదానికే తెలుసు. పెద్దవాళ్ళు ఇలాంటివి తమంతట తాము చెప్పరు. పిల్లల సరదా చెడగొట్టినట్టు అవుతుందని మింగేస్తారు. పక్కన కూర్చుని నిదానంగా అడిగితేనే చెప్తారు.

కాగితం పూర్తయ్యాక రైడ్లు ఎక్కే వాళ్ళెవరో, ఎక్కని వాళ్ళెవరో గీత గీయండి. మా పదహారు మందిలో ఎక్కేవాళ్ళు తొమ్మిది మంది. మిగతా ఏడుగురు అవ్వ, అమ్మ, నాయన, పెద్దనాయన, పెద్దమ్మ, రెండేళ్ళ బిడ్డ, ఆ బిడ్డను విడిచి ఉండలేని మా వదిన. రైడ్లు ఎక్కేవాళ్ళకు గది అవసరం రాత్రి పడుకోవడానికే, చాప ఉన్నా చాలు. గదిలో ఎక్కువసేపు ఉండేది ఆ ఏడుగురు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఎండ మండిపోతుంటే వాళ్ళకు నడుం వాల్చే చోటు కావాలి. ఆ మూడు గంటలు ఎక్కడ, ఎలా గడుస్తాయో తేలితే మీరు తీసుకోవాల్సిన బస ఏదో తేలినట్టే.

ఏ పార్కు అన్నది మీ కాగితమే చెప్తుంది

మన ప్రాంతం నుంచి కుటుంబాలు ఎక్కువగా పోయేవి మూడు: బిడది వండర్‌లా, హైదరాబాదు దగ్గర రావిర్యాల వండర్‌లా, రామోజీ ఫిల్మ్ సిటీ. బిడది పార్కు 2005లో తెరిచారు, దాన్ని ఆనుకునే 2012 నుంచి వాళ్ళదే రిసార్ట్ ఉంది, 84 గదులు. రావిర్యాలది 2016లో వచ్చింది, ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే. కర్నూలు వాళ్ళకు ఇది సుఖం. తుంగభద్ర దాటి 44వ నంబరు హైవే పట్టుకుంటే శంషాబాదు దగ్గర రింగ్ రోడ్డెక్కి, ఊళ్ళోకి పోకుండానే చేరొచ్చు. గదులు శంషాబాదు వైపు చూసుకోండి.

రామోజీ ఫిల్మ్ సిటీ సంగతి వేరు. 1996 నుంచి ఉన్న ఆ స్థలం 1,600 ఎకరాల పైమాటే. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో అని గిన్నిస్ వాళ్ళు రాసుకున్నారు. అక్కడ సెట్లు, తోటలు బస్సులో కూర్చుని చూడొచ్చు, ప్రదర్శనలు కూర్చునే చూడొచ్చు. బస లోపలే ఉంది. సితార ఖరీదైనది, తార మధ్యరకం, శాంతినికేతన్ ఇంకా తక్కువలో, పెద్ద గుంపులకు సహారా. గదీ టిక్కెట్టూ కలిపి ప్యాకేజీగా కూడా ఇస్తారు. మీ కాగితం మీద ఎక్కని వాళ్ళ సంఖ్య ఎక్కువగా ఉంటే నేను రామోజీనే చెప్తా. పన్నెండు నుంచి పాతికేళ్ళ మధ్య పిల్లలు ఎక్కువగా ఉంటే మాత్రం వాళ్ళకు వండర్‌లా తప్ప ఇంకేదీ ఆనదు.

కడప వాళ్ళకు ఒక మాట. రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరు పోయేటప్పుడు మొదట్లోనే గువ్వలచెరువు ఘాట్ తగులుతుంది. ఆ మలుపుల్లో ముసలివాళ్ళకు, పిల్లలకు కడుపులో తిప్పుతుంది. పొద్దున కడుపునిండా పెట్టి బండి ఎక్కించొద్దు. ఘాట్ అయ్యాక ఆగి, పాలకోవా తిని, కాసేపు కాళ్ళు చాపుకుని పోండి.

ఆనుకుని ఉన్న రిసార్టా, విల్లానా, ఊళ్ళో హోటలా

ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. మూడింటికీ మంచీ చెడూ ఉన్నాయి.

పార్కును ఆనుకుని ఉన్న రిసార్టులో గది అద్దె ఎక్కువ. అయినా గేటు నుంచి గదికి పది నిమిషాల్లో చేరొచ్చు. మధ్యాహ్నం బిడ్డకు నిద్రొస్తే తల్లి ఎత్తుకుని వచ్చేయొచ్చు. తడిసిన పిల్లాడికి జ్వరం తగిలినట్టు అనిపిస్తే వెంటనే తీసుకురావొచ్చు. అయితే ఇక్కడ తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఒకసారి పార్కులోకి పోయినవాళ్ళు బయటికొచ్చి, అదే టిక్కెట్టు మీద అదే రోజు మళ్ళీ లోపలికి పోవచ్చా? ఇది తేలకుండా దగ్గర గదికి ఎక్కువ డబ్బు పెట్టొద్దు. లోపలికి మళ్ళీ పోనివ్వకపోతే ఆ దగ్గరతనం విలువ సగం పోయినట్టే. మీరు పోయే రోజుకు, మీరు తీసుకునే టిక్కెట్టుకు ఏది వర్తిస్తుందో అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి.

విల్లాలు, ఫాం హౌస్‌లు బిడది చుట్టుపక్కల చాలా వచ్చాయి. తలా ఇంత అని లెక్కేస్తే చవక. రాత్రి అందరూ ఒక్కచోట కూర్చుని మాట్లాడుకోవచ్చు, వంటగది ఉంటే అవ్వకు ఇంత జావ కాచి ఇవ్వొచ్చు. అది చిన్న సుఖమేమీ కాదు. కానీ పగలు పని మనుషులు ఉంటారా, కరెంటు పోతే జనరేటర్ ఉందా, రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే బండి పిలిస్తే వస్తుందా, ఇవన్నీ మీరే చూసుకోవాలి. కింది అంతస్తులో, బాత్రూం లోపలే ఉన్న పడక గదులు కనీసం రెండు ఉంటేనే విల్లా జోలికి పోండి.

బెంగళూరు ఊళ్ళో హోటల్ తీసుకుని రోజూ పార్కుకు పోయి రావడం నాకు అస్సలు నచ్చదు. సాయంత్రం పార్కు మూసే వేళ, ఊళ్ళో బండ్లు కదలని వేళ, రెండూ ఒక్కటే. అలిసిపోయిన పిల్లలు బండిలోనే ఏడుస్తారు. మీవాళ్ళ ఇల్లు కెంగేరి వైపు ఉంటే తప్ప ఆ ఆలోచన మానుకోండి.

పడకలు తర్వాత, బాత్రూములు ముందు లెక్కపెట్టండి

పదహారు మందికి రెండు బాత్రూములు ఉన్న ఇల్లు తీసుకుంటే ఒక్కో దాని ముందు ఎనిమిది మంది. మనిషికి 20 నిమిషాలు అనుకున్నా 160 నిమిషాలు, అంటే రెండు గంటల నలభై నిమిషాలు. మా మొదటి ప్రయాణంలో పొద్దున ఆరింటికి లేచి కూడా అందరం తయారై గడప దాటేసరికి పన్నెండున్నర అయింది. పార్కు గేటు పదకొండుకే తెరిచారు. సాయంత్రం ఆరు, ఏడు మధ్య మూసే పార్కులో గంటన్నర పోతే పిల్లల మొహాలు చూడలేం.

అందుకని నలుగురికి ఒక బాత్రూం అని లెక్క పెట్టుకోండి. పదహారు మందికి కనీసం నాలుగు, వయసు మళ్ళినవాళ్ళు నలుగురికి మించి ఉంటే ఐదు. వేడినీళ్ళు ఎప్పుడెప్పుడు వస్తాయో కూడా అడగండి. చాలాచోట్ల సోలార్ మీద నడుస్తాయి. మబ్బు పట్టిన పొద్దున నలుగురు పోసుకున్నాక ఐదో మనిషికి చన్నీళ్ళే. గదిలో గీజర్ ఉందంటే ఆ బాధ లేదు.

ఫోన్ చేసి అడగండి, వీడియో తెప్పించుకోండి

వెబ్‌సైట్‌లో ఫొటోలు చూసి గది ఖాయం చేసుకోవద్దు. నేరుగా రిసెప్షన్‌కు ఫోన్ చేయండి, అదీ మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య. పొద్దున ఖాళీ చేసేవాళ్ళ హడావుడి, సాయంత్రం కొత్తగా దిగేవాళ్ళ హడావుడి లేని వేళ అది. ఓపిగ్గా చెప్తారు. బిడది వైపు తెలుగు తెలిసినవాళ్ళు దొరుకుతారు, మన హిందూపురం, మడకశిర వైపు వాళ్ళకు కన్నడం ఎటూ వచ్చు.

మా అమ్మ మంచం ఎత్తు టేపుతో కొలిచాను, పరుపుతో కలిపి 19 అంగుళాలు. ఆ ఎత్తులో అయితే చేతులు మోకాళ్ళ మీద ఆనించి తనంతట తాను లేస్తుంది. రిసార్టు అబ్బాయికి ఫోన్ చేసి మీ మంచం ఎత్తెంత అని అడిగితే మొదట అర్థం కాలేదు. ఎందుకు అడుగుతున్నానో చెప్పాక పాపం టేపు తెచ్చి కొలిచి చెప్పాడు. కొన్నిచోట్ల నేలకు ఆనించినట్టు పొట్టి మంచాలుంటాయి, చూడ్డానికి బాగుంటాయి కానీ మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు అందులోంచి లేవలేరు. మరీ ఎత్తుంటే కాళ్ళు నేలకు ఆనవు.

తర్వాత ఆ గది తలుపు దగ్గర నుంచి బాత్రూం లోపలి దాకా నడుస్తూ ఒక వీడియో తీసి పంపమనండి. అందులో మీరు చూడాల్సినవి: గుమ్మాల దగ్గర మెట్టు ఉందా, బాత్రూం నేల నున్నటి రాయా గరుకు టైలా, కమోడ్ పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉందా, స్నానానికి బాత్‌టబ్‌లోకి దిగాలా. బాత్‌టబ్ ఉన్న గది పెద్దవాళ్ళకు వద్దే వద్దు. ఆ అంచు దాటేటప్పుడే కాలు జారుతుంది. ఒక ప్లాస్టిక్ స్టూలు, బకెట్, చెంబు గదిలో పెట్టమని ముందే చెప్పండి. మనవాళ్ళకు షవర్ కింద నిలబడటం కన్నా కూర్చుని చెంబుతో పోసుకోవడమే అలవాటు.

ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. కార్డు గుచ్చితేనే కరెంటు వచ్చే గదుల్లో, కార్డు తీసుకుని బయటికి పోతే ఏసీతో పాటు కొన్నిచోట్ల చిన్న ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్ళుంటే ఇది ముఖ్యం. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టినా పనికిరాదు. రెండో కార్డు అడిగి తీసుకోండి, ఒకటి ఎప్పుడూ గోడకే ఉంచేయండి. లేదా మందును రిసెప్షన్ ఫ్రిజ్‌లో పేరు రాసి పెట్టించండి.

వీల్‌చైర్ ఉందా, గది దాకా బండి వస్తుందా, దగ్గరలో ఆసుపత్రి ఎంత దూరం అన్నవి కూడా ఆ ఫోన్లోనే అడిగేయండి.

ఎవరు ఏ గదిలో అన్నది ఇంట్లోనే తేల్చండి

అక్కడికి పోయాక తాళాలు చేతికొచ్చినప్పుడు ఎవరెక్కడ అని మొదలుపెడితే ఎవరో ఒకరు మనసు కష్టపెట్టుకుంటారు. మాకు ఐదు గదులు. కాగితం మీద ఇలా రాసుకున్నాం. కింది అంతస్తులో పక్కపక్కనే మూడు: ఒకటి అవ్వకు, ఆమెతో మా అన్న పెద్దకూతురు, రెండోది అమ్మ, నాయన, మూడోది పెద్దనాయన, పెద్దమ్మ. పై అంతస్తులో పిల్లలున్న మా మూడు జంటలకు రెండు గదులే మిగిలాయి, ఆడవాళ్ళు చిన్నపిల్లలతో ఒకదాంట్లో, మగవాళ్ళు పెద్ద పిల్లలతో ఇంకోదాంట్లో సర్దుకున్నాం. రెండు రాత్రులకు అది కష్టమేమీ కాదు.

అవ్వతో పదహారేళ్ళ పిల్లను పెట్టడం మా వదిన ఆలోచన. రాత్రి లేస్తే లైటేయడానికి, చెయ్యి పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి. కొత్త చోట చీకట్లో బాత్రూం ఎటువైపో మరిచిపోయి పడేవాళ్ళే ఎక్కువ. ఇంటి నుంచి ఒక చిన్న నైట్ బల్బ్ తీసుకుపోయి బాత్రూం దారిలో పెట్టండి.

హోటళ్ళలో "ఎక్స్‌ట్రా బెడ్" అంటే చాలాచోట్ల నేల మీద వేసే పరుపే. అది పెద్దవాళ్ళకు రాకుండా చూసుకోండి. ఒక గదిలో ఎంతమందిని ఒప్పుకుంటారో, పిల్లలకు ఏ వయసు దాకా డబ్బు తీసుకోరో కూడా కనుక్కోండి. ఇక్కడొక తిరకాసు ఉంది. హోటల్ వాళ్ళు పిల్లలను వయసుతో లెక్కేస్తారు, వండర్‌లా వాళ్ళు ఎత్తుతో లెక్కేస్తారు. 85 సెంటీమీటర్లకు లోపు ఉంటే ఉచితం, 140 దాటితే పెద్ద టిక్కెట్టే. మా అన్న కొడుకు పదకొండేళ్ళకే 140 దాటాడు. హోటల్లో చిన్నపిల్లాడు, పార్కులో పెద్దమనిషి. బయల్దేరే ముందు గోడకు నిలబెట్టి అందరినీ కొలవండి, డబ్బు లెక్క సరిగ్గా వస్తుంది. 60 దాటినవాళ్ళకు టిక్కెట్టులో రాయితీ ఉంటుంది, గుర్తింపు కార్డు చూపాలి. రైడ్లు ఎక్కకపోయినా లోపలికి పోవాలంటే టిక్కెట్టు ఉండాల్సిందే, కాబట్టి ఎక్కని వాళ్ళు రెండు రోజులూ రావాలా ఒక్క పూట చాలా అని ముందే అనుకోండి.

డబ్బు

పెద్ద సూట్ ఒకటి తీసుకోవడమా, మామూలు గదులు రెండు తీసుకోవడమా అన్న ప్రశ్న వస్తే పన్ను కూడా లెక్కేయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా అద్దె ఉన్న గదికి జీఎస్‌టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. పద్నాలుగు వేల సూట్‌కు పన్ను 2,520. ఏడేసి వేల గదులు రెండైతే పన్ను మొత్తం 700. రాత్రికి 1,820 తేడా. పైగా రెండు గదులంటే రెండు బాత్రూములు. చెప్పిన ధరలో పన్ను కలిసిందా లేదా, పొద్దున టిఫిన్ కలిసిందా లేదా అన్నది రాతలో తీసుకోండి. ఒకవేళ ఎవరికైనా ఒంట్లో బాగాలేక రద్దు చేసుకుంటే ఎంత వెనక్కిస్తారో కూడా.

ఇంట్లో వాటాల మాట. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కలిసి పోయేటప్పుడు డబ్బు సంగతి ముందు మాట్లాడుకోవడానికి మొహమాటపడతాం. అదే తర్వాత మనసులో నలుగుతుంది. మేం పెద్దవాళ్ళ గదులు, టిక్కెట్లు మూడు సంసారాలకూ సమంగా పంచుకున్నాం, ఎవరి పిల్లల ఖర్చు వాళ్ళది. అడ్వాన్స్ కట్టే రోజే ముగ్గురి డబ్బూ ఒక్కరి దగ్గర చేర్చాం. మా బావ లెక్క రాశాడు. వచ్చాక చిల్లర గురించి ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని పడలేదు.

ఆధార్‌లు, పాస్‌పోర్టులు

పెద్దలందరి గుర్తింపు కార్డులూ రిసెప్షన్‌లో అడుగుతారు. ముసలివాళ్ళ ఆధార్ బీరువాలో ఉండిపోతుంది, మరిచిపోవద్దు. అమెరికాలో పుట్టిన మనవళ్ళు వెంట ఉంటే వాళ్ళ పాస్‌పోర్టులూ పట్టుకోండి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు దిగితే హోటల్ వాళ్ళు 24 గంటల్లోపు వాళ్ళ వివరాలు ఫారంలో నింపి అధికారులకు పంపాలి. చిన్న లాడ్జీలు, హోం స్టేలు కొన్ని ఆ తలనొప్పి ఎందుకని రాత్రిపూట గది లేదనేస్తాయి. ముందే చెప్పి, ఒప్పుకున్న చోటే తీసుకోండి.

తిండి

పార్కులోకి బయటి తిండి తీసుకుపోనివ్వరు. పసిబిడ్డ తిండి, మందుల సంగతి విడిగా అడగండి. కొన్ని రిసార్టులు గదుల్లోకి కూడా వద్దంటాయి. మనం పులిహోర, నిప్పట్లు, ఓళిగలు కట్టుకుని పోతాం కాబట్టి ఇది ముందే తేలాలి.

షుగరున్నవాళ్ళకు పొద్దున ఏడు, ఏడున్నరకల్లా ఏదో ఒకటి కడుపులో పడాలి. బఫే ఎనిమిదికి తెరిస్తే ఆ గంట వాళ్ళు ఏం చేస్తారు? ముందురోజు రాత్రే వంటవాళ్ళతో మాట్లాడి నాలుగు ఇడ్లీలు గదికి తెప్పించండి. బిడది తట్టె ఇడ్లీకి పేరున్న ఊరు. పళ్ళెమంత వెడల్పు, దూదంత మెత్తన. పళ్ళు లేని మా అవ్వ రెండు తిన్నది. ఇంకో మంచి సంగతేమంటే రామనగర వైపు రాగి ముద్దే రోజువారీ తిండి. సంగటి తప్ప వేరేది సయించని పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, ముద్ద, ఆకుకూర సారు మధ్యాహ్నానికి దొరుకుతాయా అని వంటగదిలో అడగండి. మెనూలో లేకపోయినా చేసిపెట్టినవాళ్ళను చూశాను.

రోజులు, దారి

శని, ఆదివారాలు వద్దు, మంగళ, బుధ, గురువారాలు చూసుకోండి. జనం తక్కువ, అద్దె తక్కువ. దసరాకు మైసూరు పోయేవాళ్ళతో ఆ రోడ్డంతా కిక్కిరిసిపోతుంది, ఆ పది రోజులూ మానుకోండి. మన బడుల సెలవులే కాదు, కర్ణాటక బడుల సెలవులు కూడా చూసుకుని రోజు ఖాయం చేయండి.

పదిహేడు సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటే అందరూ ఒక్కచోట ఉంటారు. కర్ణాటక పర్మిట్ ఉందా, మెట్టు ఎత్తు ఎంత అని చూడండి. అవ్వ కోసం మేం ఒక పీట పెట్టుకున్నాం, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు డోరు కింద వేసేవాళ్ళం. కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి దాటి దేవనహళ్ళి చేరాక ఊళ్ళోకి దూరకుండా, దొడ్డబళ్ళాపురం, నెలమంగల మీదుగా నైస్ రోడ్డెక్కితే నేరుగా మైసూరు రోడ్డులో తేలతారు. కాస్త దూరం ఎక్కువ, టోలు అదనం, అయినా హెబ్బాళ దగ్గర ఇరుక్కోవడం కన్నా నయం. మైసూరు హైవే 2023లో వెడల్పు చేశాక మధ్య లేన్లలోంచి ఎక్కడపడితే అక్కడ దిగడానికి లేదు. రిసార్టుకు ఎక్కడ సర్వీస్ రోడ్డులోకి దిగాలో వాళ్ళనే అడిగి డ్రైవరుకు చెప్పండి.

బండి వద్దనుకుంటే రైలుంది. హంపి ఎక్స్‌ప్రెస్ గుంతకల్లు, అనంతపురం మీదుగా రాత్రంతా నడిచి బెంగళూరు చేరి, అక్కడి నుంచి మైసూరు పోతుంది. బిడది ఆ దారిలోనే ఉంది. కెంగేరిలో గానీ, రామనగరలో గానీ ఆగుతుందా అని టిక్కెట్టు తీసేటప్పుడే చూసుకుంటే ఊరు దాటే బాధ తప్పుతుంది. పెద్దవాళ్ళకు కింది బెర్తులు రావాలంటే ముందుగా తీయాలి.

పొద్దున్నే చేరితే గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండుకో, రెండుకో. అప్పటిదాకా పెద్దవాళ్ళు రిసెప్షన్ కుర్చీల్లో కూర్చోకూడదు. ఒక్క గది, అవ్వదే, ముందురోజు రాత్రి నుంచే తీసి ఉంచండి. ఒక రాత్రి అద్దె అదనంగా పోతుంది. మేం ఆ డబ్బు పిల్లల టీషర్టుల్లోంచి మిగుల్చుకున్నాం.

రెండో రోజు ఎక్కని వాళ్ళది

రెండు రాత్రులుంటే ఒక పూట పెద్దవాళ్ళకు ఇవ్వండి. మైసూరు రోడ్డులోనే కెంగేరి వైపు పంచముఖి గణపతి గుడి ఉంది, రామనగర దగ్గర జానపద లోక ఉంది. జానపద లోక పల్లె బతుకు వస్తువుల మ్యూజియం. పాత రోళ్ళు, కుంచాలు, నాగళ్ళు, తోలుబొమ్మలు. సెలవు రోజు కనుక్కుని పోండి. ఇంకాస్త ముందుకు పోతే చన్నపట్న, అక్కడ లక్కబొమ్మలు చేస్తారు.

పిల్లలు నీళ్ళలో ఆడుతుండగా నేను మా పెద్దవాళ్ళను జానపద లోకకు తీసుకుపోయాను. మా అవ్వ వీల్‌చైర్‌లో ఉంది. ఒక రాతి విసుర్రాయి ముందు ఆపమంది. దాన్ని తాకొచ్చా అని అడిగి, పిడి ఉండాల్సిన చోట వేలు పెట్టి, "ఇట్లాంటిదే మా పుట్టింట్లో" అని మొదలుపెట్టి, ఎవరు ఎటు కూర్చుని తిప్పేవాళ్ళో, ఏం పాడేవాళ్ళో అరగంట చెప్పింది. మా అమ్మకు కూడా ఆ సంగతులు కొత్తే. రిసార్టుకు వచ్చాక కింది మూడు గదుల తలుపులూ తెరిచిపెట్టి, వరండాలో కుర్చీలేసుకుని, తడి జుట్లతో వచ్చిన పిల్లలకు మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

గదులు పక్కపక్కనే, కింది అంతస్తులోనే, వరండా మీదికి తెరుచుకునేవే కావాలని రిసెప్షన్‌లో గట్టిగా అడగండి. బుకింగ్ కాగితం మీద గది నంబర్లు రాయించుకోండి, బయల్దేరే ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి ఆ నంబర్లే ఇస్తున్నారా అని మరోసారి కనుక్కోండి.